గాజుతొట్టిలో రాజుగారు

మా వదిన ఈ మధ్య ఎక్కడికీ రావడం లేదు. పెళ్లిళ్లకి రాదు, పేరంటాలకి రాదు. ఒకవేళ వచ్చినా మధ్యాహ్నం మూడయ్యేసరికి కుచ్చెళ్లు సర్దుకుంటూ లేచిపోతుంది. "ఏం వదినా, ఇంట్లో చంటిపిల్లలున్నారా, మనవలున్నారా?" అని అడిగితే, "రాజుగారున్నాడుగా! నాలుగింటికల్లా ఆయనకి ఫలహారం పెట్టాలి" అంటుంది.

రాజుగారంటే చేప.

మా మేనల్లుడు ఇంజనీరింగు చదివే రోజుల్లో హైదరాబాదులో వాళ్ల ఫ్లాటు హాల్లో నాలుగడుగుల గాజుతొట్టి పెట్టించాడు. డాక్టర్ల దగ్గరా, హోటళ్లలోనూ మనం చూసే మంచినీళ్ల తొట్టి కాదిది. ఉప్పునీళ్లది. అడుగున రాళ్లు, రాళ్లమీద ప్రాణమున్న పగడాలు, పైన నీలం లైటు. హైదరాబాదుకి సముద్రమెక్కడిది? ప్యాకెట్లో వస్తుంది. శుద్ధి చేసిన నీళ్లలో లీటరుకి సుమారు 35 గ్రాముల చొప్పున కలుపుకోవాలి. అది వంటింటి ఉప్పు కాదు. కాల్షియం, మెగ్నీషియం వగైరాలన్నీ సముద్రంలో ఉన్న పాళ్లలో కలిపిన ఉప్పు. ఆవకాయలో ఉప్పు కూడా చేతి అందాజుతో వేసే మా వదిన, ఇప్పుడు కళ్లజోడు పెట్టుకుని కొలిచే గొట్టంలో గీతలు చూస్తోంది.

ఇంజనీరింగవగానే అబ్బాయికి పూనాలో ఉద్యోగం వచ్చింది. తొట్టిని అమ్మకి అప్పగించి వెళ్లిపోయాడు. రోజూ రాత్రి ఫోను. "అమ్మా, నీళ్లు మార్చావా? ఉప్పు చూశావా? పంపు ఆడుతోందా?" అని వాడు. "అన్నం తిన్నావా? మజ్జిగ పోసుకున్నావా?" అని వదిన. ఎవరి ప్రశ్నలు వాళ్లవి. జవాబు చెప్పే పని ఇద్దరూ పెట్టుకోరు.

రాజుగారి అసలు పేరు ఎంపరర్ ఏంజెల్ చేప. అంటే చక్రవర్తి. అబ్బాయి కొన్నప్పుడు బొటనవేలంత ఉండేదట. ముదురు నీలం ఒంటిమీద, రాయి వేసిన చెరువులో అలల్లా ఒకదాని చుట్టూ ఒకటి తెల్లటి వలయాలు. ఇప్పుడు చూస్తే ఆ వలయాలు లేవు. ఒంటినిండా పసుపు, నీలం చారలు. కళ్లమీద నల్లటి పట్టీ. ఆ చేపే ఈ చేప అంటే నేను నమ్మలేదు. నన్నేమంటారు, శాస్త్రజ్ఞులే నమ్మలేదు! పెద్ద చేపకి 1787లో బ్లాక్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు పేరు పెట్టాడు. 1801లో పిల్లచేపని వేరే జాతి అనుకుని, మన నికోబార్ దీవుల పేరు కలిపి దానికి ఇంకో పేరు పెట్టారు. తల్లినీ బిడ్డనీ చాలాకాలం వేరువేరు కులాలుగా లెక్కేశారన్నమాట. పెద్ద చేపలకి తమ సరిహద్దు మీద మహా పట్టుదల. తమలాంటి చారలతో ఇంకొకటి కనిపిస్తే తరిమేస్తాయి. పిల్లలకి వేరే చొక్కా ఉన్నది అందుకేనని శాస్త్రజ్ఞుల ఊహ.

ఒక మధ్యాహ్నం ఈ రాజుగారిని చూస్తూ కూర్చుంటే, బి.ఏ. రోజుల్లో చదివిన పుస్తకం ఒకటి గుర్తొచ్చింది. ఇంటికొచ్చి వెతికి మళ్లీ చదివాను. ఈ వ్యాసం ఆ పుస్తకం గురించే. చేప దగ్గర మొదలుపెట్టానేమిటా అనుకుంటున్నారా? ఆ పుస్తకంలో తండ్రికీ, మా వదిన హాల్లో తొట్టికీ నిజంగానే చుట్టరికం ఉంది. వినండి.

పుస్తకం పేరు "ఫాదర్ అండ్ సన్". 1907లో మొదట రచయిత పేరు లేకుండా అచ్చయింది. రాసినవాడు ఎడ్మండ్ గాస్ అనే ఇంగ్లీషు విమర్శకుడు, కవి. అందులో తండ్రి ఫిలిప్ హెన్రీ గాస్. ఇళ్లల్లో సముద్రాన్ని పెంచే సరదాని ఇంగ్లండు అంతటికీ అంటించినవాడు ఈయనే. 1853లో లండన్ జూలో ప్రపంచంలోనే మొట్టమొదటి పబ్లిక్ అక్వేరియం తెరిస్తే, దానికి సముద్రజీవుల్ని సేకరించి ఇచ్చినవాళ్లలో ఆయనొకడు. మరుసటేడే "ది అక్వేరియం" అని పుస్తకం రాశాడు. బొమ్మలూ తనే వేశాడు. సముద్రం దగ్గర లేనివాళ్లు ఉప్పునీళ్లు ఎలా తయారు చేసుకోవాలో కూడా ఆ ఏడే చెప్పాడు. వదిన ఇంట్లో ఉప్పు ప్యాకెట్టుకి మూలపురుషుడు ఆయనే అనుకోవచ్చు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆయనకంటే ముందు ఒక ఇల్లాలు ఈ పని చేసింది. పేరు ఆనా థిన్. భర్త వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో మతాధికారి. 1846లో ఈవిడ టార్కీ అనే ఊళ్లో సముద్రపు ఒడ్డున బతికున్న పగడాలు చూసి ముచ్చటపడింది. దారిలో దొర్లి దెబ్బ తినకుండా సూదీ దారంతో స్పాంజికి కుట్టి, జాడీలో పెట్టి లండన్ తీసుకొచ్చింది. ఆ రోజుల్లో పంపులు లేవు, కరెంటు లేదు. నీళ్లకి గాలి తగలకపోతే జీవులు చచ్చిపోతాయి. అందుకని ఆ ఇంటి పనిమనిషి రోజూ తెరిచిన కిటికీ దగ్గర నిలబడి, ఆ నీళ్లని ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి ఎత్తి పోసేది. అరగంట, ఒక్కోరోజు ముప్పావు గంట. మనం పాలు చల్లార్చినట్టే. తన అనుభవాల్ని ఆనా 1859లో వ్యాసంగా అచ్చు వేయించింది. దానికి వివరణలు రాసినవాడు మన గాస్ దొరే. పగడాల లాటిన్ పేర్లు మనకి తెలుసు. నీళ్లు ఎత్తి పోసిన ఆ అమ్మాయి పేరు మాత్రం తెలియదు.

సరే, పుస్తకంలోకి వద్దాం.

ఫిలిప్ గాస్ గొప్ప ప్రకృతి శాస్త్రజ్ఞుడు. అంతకంటే గొప్ప దైవభక్తుడు. బైబిల్లో ప్రతి అక్షరం జరిగిందనే నమ్మేవాడు. భార్య ఎమిలీ కూడా అంతే. వాళ్లకి ఒక్కడే కొడుకు, ఎడ్మండ్. పిల్లవాణ్ణి దేవుడికి అర్పించుకున్నారు. తోటి పిల్లల్తో ఆటల్లేవు. ఇంట్లో కథల పుస్తకాలు నిషిద్ధం. ఎందుకంటే కథ అంటే అబద్ధం, అబద్ధం అంటే పాపం. "అనగనగా ఒక రాజు" అన్న మాట చెవిని పడకుండా పెరిగాడు పిల్లవాడు.

ఇందులో ఒక ఘట్టం దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. తల్లి పోయాక ఎప్పటికో ఆవిడ రాసుకున్న కాగితాలు కొడుక్కి దొరుకుతాయి. చిన్నప్పుడు ఆ తల్లి బ్రహ్మాండంగా కథలు అల్లేదట. తమ్ముళ్లకి చెప్పేదట. చదువు చెప్పే పంతులమ్మ అది పాపమని భయపెట్టింది. అప్పట్నుంచీ ఆ కోరికని అణుచుకుంటూ వచ్చింది. ముప్ఫయ్యో ఏడు వస్తున్నా ఆ కోరిక చావలేదని బాధపడుతూ రాసుకుంది. నవలలు రాసుకుని బతుకుతున్న నాకు ఆ కాగితం చదివితే గుండె పట్టేసినట్టయింది. అంత కథల పుట్ట కడుపులో పెట్టుకుని, కన్నకొడుక్కి ఒక్క కథ చెప్పకుండా 1857లో కాన్సర్‌తో పోయింది. అప్పటికి వాడికి ఏడేళ్లు.

ఆ ఏడే తండ్రీకొడుకులు సముద్రపు ఒడ్డుకి కాపురం మార్చారు. ఆ ఏటి క్రిస్మస్ సంగతి చదివితే ఎవరికైనా నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి. పండగ చేసుకోవడం విగ్రహారాధనతో సమానమని తండ్రి నమ్మకం. ఇంట్లో పనివాళ్లు జాలిపడి, తాము చాటుగా వండుకున్న పుడ్డింగులో ఒక ముక్క పిల్లవాడికి పెట్టారు. వీడికి కడుపునొప్పి వచ్చింది. తప్పు చేశానన్న భయంతో వెళ్లి తండ్రికి చెప్పేశాడు. ఆయన పరుగున వచ్చి ఆ పిండివంటని తీసుకెళ్లి బూడిదలో పారేసి, కనపడకుండా కప్పెట్టాడు.

ఇరవయ్యేళ్ల వయసులో ఇది చదివినప్పుడు నాకు ఆ తండ్రిని చూస్తే ఒళ్లు మండిపోయింది. కొడుకు పదిహేడేళ్లకి లండన్‌లో ఉద్యోగం దొరికి బయటపడితే హమ్మయ్య అనుకున్నాను. అక్కడికీ తండ్రి ఉత్తరాలు వెంటాడతాయి. ప్రార్థన చేస్తున్నావా, ఎవరితో తిరుగుతున్నావు, నమ్మకం సడలలేదు కదా అని. చివరికి కొడుకు తెగతెంపులు చేసుకుంటే చప్పట్లు కొట్టినంత పని చేశాను. అప్పుడు నేనూ ఒక ఇంటికి కూతుర్నే కదా!

ఇప్పుడు నాకు నలభై ఆరు. హాస్టల్లో ఉన్న నా కూతురికి రోజుకి మూడుసార్లు ఫోన్ చేస్తాను. ఏం తిన్నావు, ఎవరితో తిరుగుతున్నావు అని అడుగుతాను. ఈసారి చదువుతుంటే ఆ తండ్రి ఉత్తరాలు పరాయివాడి ఉత్తరాల్లా అనిపించలేదు. నిజం చెప్పొద్దూ, కాస్త సిగ్గేసింది.

ఈసారి ఇంకోటి కూడా గమనించాను. ఈ పుస్తకంలో అన్నిటికంటే బాగున్నవి సముద్రపు ఒడ్డున పేజీలు. ఆటు సమయంలో తండ్రీ కొడుకూ రాళ్ల మధ్య గుంటల మీదికి వంగి, మోకాళ్లు తడుపుకుంటూ, లోపల విచ్చుకున్న సముద్రపు పువ్వుల్ని చూస్తారు. అక్కడ ఆ తండ్రి కఠినుడు కాడు. అక్కడ వాళ్లిద్దరూ నేస్తాలు. కొడుకు కూడా తండ్రిని చూసి చిన్న చిన్న పుస్తకాలు తయారు చేసి, బొమ్మలు వేస్తాడు. అయితే సృష్టిలో లేని జీవుల్ని కూడా కల్పించి వేసేస్తాడు. తండ్రి తికమక పడతాడు. చూశారా, తల్లి అణుచుకున్న కథలు కొడుకు చేతిలో చేపలై బయటికొచ్చాయి! ఎడ్మండ్ ఈ సంగతి ఇలా విడమరిచి చెప్పడు. చెప్పకపోవడమే మంచిదయింది.

ఆ పేజీల్లోనే పెద్ద విషాదం ఒకటుంది. తండ్రి పుస్తకాలు చదివి ఇంగ్లండులో ఆడా మగా అందరూ బుట్టలూ ఉలులూ పట్టుకుని సముద్రం మీద పడ్డారు. తాము చూసిన ఆ గుంటలు పెద్దయ్యాక వెళితే లేవని, జనం ఏరి ఏరి అంతా పాడు చేశారని రాస్తాడు కొడుకు. దానికి కారణం తన పుస్తకాలేనని తండ్రి చాలా బాధపడ్డాడట. ఆయన చేసిన పాపం ఏమిటి? ఇష్టమైనదాని గురించి ఇష్టంగా రాశాడు, అంతే. అంతచేసీ ఆ ఇళ్లల్లో తొట్లేమయ్యాయి? నీళ్లు మురిగాయి, జీవులు చచ్చాయి. పదిహేనేళ్లు తిరక్కుండా మోజు చల్లారింది.

ఇక ఈ పుస్తకం మీద నా అభియోగం ఒకటుంది. కొడుకు గొప్పగా రాశాడు. కాని రాసేనాటికి తండ్రి లేడు. ఆయన 1888లోనే పోయాడు. తన వైపు చెప్పుకునే వీలు ఆయనకి లేదు. 2002లో ఆన్ త్వైట్ అనే రచయిత్రి ఆ తండ్రి జీవితచరిత్ర రాస్తూ, కొడుకు చూపించినంత కర్కోటకుడు కాడాయన, ఎంతో ప్రేమగల మనిషి అని తేల్చింది. ఇద్దరిలో ఎవరిది నిజం అని అడక్కండి. నేను చదివింది నవలగా చదివాను. నవలగా చూస్తే ఇందులో తండ్రి ప్రేమ అబద్ధం కాదు. అయినా ప్రేమ ఉండి కూడా పెంపకం ఎక్కడ తప్పింది?

దానికి జవాబు నాకు వదిన హాల్లో దొరికింది.

మొన్న నేను వెళ్లేసరికి వదిన మొహం వేలాడేసుకుని కూర్చుంది. రాజుగారు పగడాలు కొరుకుతున్నాడు. మెత్తగా, పువ్వులా విచ్చుకునే పగడం ఒకటి ఉండేది. అది ముడుచుకుపోయి పీలికలైపోయింది. తిండి తక్కువై కాదు. రోజుకి మూడుసార్లు రొయ్య ముక్కలు, ఎండబెట్టిన సముద్రపు నాచు, స్పాంజి కలిపిన మేత పెడుతూనే ఉంది. కాని ఈ జాతి చేపలకి సముద్రంలో తిండే అది. రాళ్లకి అంటుకుని ఉండే స్పాంజిల్నీ, మెత్తటి జీవుల్నీ గిల్లుకు తింటాయి. చిన్నప్పుడు ఊరుకుంటాయి. పెరిగాక బుద్ధి బయటపడుతుంది. పగడాల తొట్టిలో పెద్ద ఏంజెల్ చేపని పెట్టడమంటే పూలతోటలో మేకని కట్టేసినట్టే. అరచేతిలో పట్టే ఏంజెల్ జాతులున్నాయి, అవి చాలావరకు నాచు గీరుకు తింటాయి. వాటిని కూడా నమ్మి చెప్పలేం, ఒక్కో చేపది ఒక్కో గుణం.

పైగా రాజుగారు పూర్తిగా పెరిగితే అడుగు దాటి పావు ఉంటాడు. 40 సెంటీమీటర్లు. ఆయనకి ఎనిమిది వందల లీటర్లకి తగ్గని తొట్టి కావాలంటారు. వదిన ఇంట్లోది అందులో సగం.

"కొనేటప్పుడు వీడు ఎంతవుతాడో అడిగాడా నీ కొడుకు?" అన్నాను.

"ఎంత అందంగా ఉన్నాడో చూశాడు. అంతే. నేనూ అంతే చూశాను" అంది వదిన.

ఎక్కణ్ణుంచి వచ్చాడో కూడా వాళ్లకి తెలియదు. దుకాణంవాడు ఇండోనేషియా అన్నాడట. ఉప్పునీళ్ల చేపల్లో ఇప్పటికీ చాలాభాగం సముద్రంలోంచి పట్టుకొచ్చినవే. 1960ల నుంచి ఫిలిప్పీన్స్‌లో సయనైడు కలిపిన నీళ్లు పగడాల సందుల్లో చిమ్మి, చేపలు మత్తెక్కి తేలితే పట్టుకోవడం మొదలైంది. చేపతోబాటు ఆ పగడాలూ చచ్చేవి. ఈ మధ్య కొన్ని ఏంజెల్ జాతుల్ని తొట్లలోనే గుడ్లు పెట్టించి పెంచుతున్నారు. కొనేవాళ్లు అది అడిగి కొనచ్చు. మన సముద్రాల్లో పగడాలనైతే 2001లోనే వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. ఒడ్డున ఏరుకోవడం కూడా నేరమే. గాస్ దొర నాటికి ఆ చట్టముంటే ఆయన కొడుకు ఆ పేజీలు రాయనక్కర్లేకపోయేది.

రాత్రి ఫోనులో అబ్బాయి తీర్పు చెప్పాడు. "చేపని దుకాణంలో తిరిగి ఇచ్చెయ్యమ్మా. పగడాలకి చాలా ఖర్చు పెట్టాను." వదిన ఏమీ మాట్లాడలేదు. మర్నాడు తనే నలుగురికి ఫోన్లు చేసింది. సికింద్రాబాదులో ఒకాయనకి పగడాలు లేని పెద్ద తొట్టి ఉందని తెలిసింది. పన్నెండు వందల లీటర్లు. అన్నయ్యని వెంటబెట్టుకుని వెళ్లి, ఆ తొట్టి కళ్లారా చూసి, నీళ్లు ఎన్నాళ్లకి మారుస్తారో, కరెంటు పోతే ఏం చేస్తారో అడిగి వచ్చింది. ఆడపిల్లని ఇచ్చే ముందు కూడా అంత వాకబు చెయ్యలేదని అన్నయ్య గోల.

పట్టే రోజు నేనూ ఉన్నాను. ఏంజెల్ చేపకి చెంప దగ్గర ముల్లుంటుంది. వల వేస్తే అది చిక్కుకుని చేపకి గాయమవుతుంది. అందుకని వదిన వల పక్కన పెట్టి, వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బా నీళ్లలో ముంచి, దాని వెనక మేత చూపిస్తూ ముప్పావు గంట అలాగే నిలబడింది. చెయ్యి మోచేతి దాకా ముడతలు పడింది. చివరికి రాజుగారు తనంత తనే లోపలికొచ్చాడు. గాభరాపడి లోపల్నుంచి టక్, టక్‌మని చప్పుడు చేశాడు. ఆ చేపలు అలా చప్పుడు చేస్తాయని నాకప్పటిదాకా తెలియదు.

"ఇన్నాళ్లూ ఒక్క మాట మాట్లాడలేదు. వెళ్లేటప్పుడా నాన్నా!" అంది వదిన.

ఫిలిప్ గాస్‌కి నీళ్ల సంగతి తెలిసినట్టు ఆ రోజుల్లో తెలిసినవాళ్లు తక్కువ. ఉప్పెంత, వెలుతురెంత, గాలెంత అన్నీ తెలుసు. పిల్లవాణ్ణి కూడా అంత శ్రద్ధగానే పెంచాడు. ఏ మురికీ తగలనివ్వలేదు. కాని ఆ పిల్లవాడు పెరిగాక వలయాలు పోయి చారలు వస్తాయని ఆయన అనుకోలేదు. చారలు వచ్చాక, పెద్ద తొట్టి వెతకడానికి బదులు పాత వలయాలేవని ఉత్తరాలు రాస్తూ కూర్చున్నాడు. ఇది ఆయనొక్కడి లోపమని ఇరవయ్యేళ్లప్పుడు అనుకున్నాను. ఇప్పుడు అనలేను.

"ఫాదర్ అండ్ సన్" పాత పుస్తకం కనుక లైబ్రరీల్లో దొరుకుతుంది. ఇంగ్లీషు కాస్త నిదానంగా నడుస్తుంది, మొదటి యాభై పేజీలు ఓపిక పట్టండి. పిల్లలు పై ఊళ్లకి వెళ్లిపోయిన తల్లులు తప్పకుండా చదవండి. చదివాక మీరు తండ్రి పక్షమో, కొడుకు పక్షమో నాకొక ఉత్తరం ముక్క రాయండి. వదిన చేత కూడా చదివిద్దామని వెళ్లాను. తొట్టి ముందు కూర్చుని ఉంది. పగడం చివర మళ్లీ చిన్న మొగ్గ వేసిందట. రాత్రి ఫోనులో అబ్బాయికి అది చెప్పబోతే, వాడు మొదటిసారిగా ముందు, "నువ్వు అన్నం తిన్నావా అమ్మా?" అని అడిగాడట.